చాళ్ ఖాళీ చేస్తున్నాం, పిల్లికి చెప్పారా?

వర్లీ నాకా దాటి జాంబోరీ మైదానం వైపు నడిస్తే బి.డి.డి. చాళ్లు వస్తాయి. 1920ల్లో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించినవి. ఒక్క వర్లీలోనే 121 బిల్డింగులు. కింద ఒకటి, పైన మూడు అంతస్తులు, మధ్యలో నడవ, అటూ ఇటూ 160 చదరపు అడుగుల ఖోలీలు. గిర్నీ భోంగాకు లేచిన కుటుంబాలు తరాల తరబడి ఇక్కడే బతికాయి. ఇప్పుడు వీటిని వంతులవారీగా కూలగొట్టి, కుటుంబానికి 500 చదరపు అడుగుల ఇల్లు ఇస్తున్నారు. మనకు నోటీసు వస్తుంది. మూగజీవాలకు ఎవరిస్తారు? అవే కనిపెట్టుకోవాలి.

కనిపెడతాయి కూడా, ఒక్కోటి ఒక్కో తీరుగా. ఎలుక రోజూ గోడ వారగా ఒకే దారిన పోతుంది. ఆ దారిలో కొత్త డబ్బా కనబడితే కొన్నాళ్లు దాని దగ్గరికే రాదు. బోను తెచ్చిన రాత్రే ఎలుక పడలేదని బోనును తిట్టి లాభం లేదు. బిగించకుండా, తిండి పెట్టి నాలుగు రోజులు అక్కడే వదిలేయండి. అలవాటయ్యాక బిగించండి. చిట్టెలుక దీనికి తలకిందులు. కొత్తది కనబడితే చాలు, చూడ్డానికి వచ్చేస్తుంది.

పిల్లి సంగతి వేరు. దానికి ఇల్లంటే వాసన. గడపకూ, మంచం కోడుకూ, మన కాళ్లకూ బుగ్గ రాస్తుందే, అది ఉత్త ముద్దు కాదు. తన వాసన అంటించి గుర్తు పెట్టుకోవడం. బీరువా జరిపినా వచ్చి మూలమూలా మూచూస్తుంది. అలాంటిదాన్ని కొత్త బిల్డింగుకు తీసుకుపోతే ఆ గుర్తు ఒక్కటీ ఉండదు. తలుపు సందు దొరికితే పాత చాళ్ వైపే పరుగు తీయొచ్చు. అక్కడ రేకుల కంచె, జేసీబీలు.

అందుకే సామాను కట్టేటప్పుడు పిల్లి పడుకునే పాత చీర ఉతక్కుండా తీసుకుపోండి. మొదట ఒక్క గదిలోనే ఉంచి, తిండీ నీళ్లూ మట్టి తట్టా అక్కడే పెట్టండి. మంచం కింద దూరితే లాగొద్దు, తానే వస్తుంది. రెండు మూడు వారాలు బయటికి వదలొద్దు. పై అంతస్తయితే కిటికీకి జాలీ తప్పదు.

ఇక ఏ ఖోలీవీ కాని నడవ పిల్లులున్నాయి. ఒకింట్లో పాలు, ఇంకో ఇంట్లో చేప తల తిని పెరిగినవి. తాళాలు అప్పగించక ముందే, ఏది ఎవరి వెంట వస్తుందో అంతస్తువాళ్లంతా కూర్చుని మాట్లాడుకోండి.