కొర్రబయలులో రెండు రాత్రులు

పిల్లలూ! లంబసింగి అనే కొండ ఊరు అల్లూరి సీతారామరాజు జిల్లాలో వున్నది. దానికే కొర్రబయలు అని మరో పేరు. బయట పడుకున్నవాడు తెల్లవారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని దాని అర్థమట!

మన నిజామాబాదు సముద్రమట్టానికి దాదాపు 400 మీటర్ల ఎత్తున వుంటే, ఆ ఊరు దాదాపు 1000 మీటర్ల ఎత్తున వున్నది. 1000 మీటర్లు పైకి పోతే గాలి సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. పైగా, మబ్బులేని రాత్రి నేలలోని వేడి ఆకాశానికి పోతుంది. బరువైన చల్లగాలి పల్లానికి దిగి నిలుస్తుంది.

అక్కడ ఒక కుటుంబం నడిపే చిన్న బసలో నేను రెండు రాత్రులు వున్నాను. మంచు చూడాలని వచ్చిన మేము లేవకముందే, ఆ ఇల్లాలు చీకటితో లేచి, పొయ్యి రాజేసి, అందరికీ నీళ్ళు కాచేది. అటువంటి ఇంట మీరు దిగితే, వేణ్ణీళ్ళు వృథా చేయకండి. వచ్చేముందు మీ దుప్పటి మీరే మడిచిపెట్టండి.