మోవర్ ఎవరి దగ్గర కొనాలి

ఒహాయోలో ఏప్రిల్ వచ్చిందంటే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "మోవర్ ఎక్కడ కొనాలి?" జవాబూ ఒకటే. హోమ్ డిపో, లేకపోతే లోవ్స్. ఊరి చివర షెడ్డులాంటి కొట్లో మోవర్లూ చైన్ సాలూ మాత్రమే అమ్ముకునే డీలర్ పేరు ఎవరూ ఎత్తరు.

దీనికి కారణం ధర ఒక్కటే కాదని నా అనుమానం. పెద్ద స్టోర్‌లో ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఫోన్లో రివ్యూలు చదువుకుని, పెట్టె బండిలో వేసుకుని, కార్డు గీకి వచ్చేయొచ్చు. మన ఇంగ్లీషు యాస విని ఎవరూ "ఏంటీ?" అని మళ్ళీ అడగరు. కొత్తగా వచ్చినవాళ్ళకి అదెంత సుఖమో ఇక్కడ పుట్టినవాళ్ళకి తెలీదు.

డీలర్ కొట్లో అలా కుదరదు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కౌంటర్ వెనక పెద్దాయన ధర ఊసెత్తలేదు. స్థలం ఎంత, వాలుందా, పెరటి గేటు వెడల్పెంత, గడ్డి కోసేదెవరు? పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇన్ని అడగలేదు. కోసేది నేనే అంటే, హ్యాండిల్ నా ఎత్తుకి సరిచేసి చూపించాడు. ఆయిల్ పోసి, స్టార్ట్ చేసి, కాసేపు నడిపించి మరీ అప్పజెప్పాడు. ఇక్కడి పెట్రోల్లో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమ పీలుస్తుంది. చలికాలమంతా ట్యాంకులో వదిలేస్తే కార్బురేటర్‌లో సన్నటి దారులు జిగురు పట్టి మూసుకుపోతాయి. వసంతంలో తాడు ఎంత లాగినా ఇంజన్ పలకదు. ఇదంతా మాన్యువల్లో ఉంటుంది, నిజమే. మాన్యువల్ చదివేదెవరు?

మా సరుకు హోమ్ డిపోలో, లోవ్స్‌లో ఎందుకు దొరకదో తెలుసా అని స్టిల్ కంపెనీ ఒకప్పుడు ప్రకటనలే ఇచ్చుకుంది.

అలాగని డీలర్లు దేవుళ్ళేం కాదు. నా స్నేహితురాలి మోవర్ పెద్ద స్టోర్‌లో కొన్నది. గడువు దాటింది, కంపెనీని అడగమన్నారు. కంపెనీ ఇచ్చిన అడ్రసు ఈ షెడ్డుదే! పెద్దాయన తీసుకున్నాడు గానీ, తన దగ్గర కొన్నవాళ్ళవి ముందు చేశాడు. ఈవిడ మోవర్ మూడు వారాలు మూలన పడుంది. "ఇల్లు కొన్న ఏడాది, రెండొందల డాలర్లు మిగుల్చుకోవడం తప్పా?" అందామె. తప్పు కాదు. ఆయన చేసింది తప్పని కూడా అనలేకపోయాను.

నాన్న వచ్చినప్పుడు బ్లేడు పదును పెట్టించడానికి వెళ్తూ తోడు తీసుకెళ్ళాను. గుంటూరు దగ్గర పత్తిచేలో పవర్ స్ప్రేయర్ వీపున మోసిన మనిషి. ఇంగ్లీషు రాదు. కౌంటర్ మీదున్న పాత స్పార్క్ ప్లగ్ తీసుకుని, మసిబారిన కొసని గోటితో గీకి, "పెట్రోలెక్కువ తాగుతోంది" అన్నాడు. నేను అనువాదం చేసేలోపే పెద్దాయన తలూపాడు. అమెరికా వచ్చాక నాన్న ఎక్కడా అంతసేపు నిలబడలేదు. నేను కారులో కూర్చుని ఎదురుచూశాను.

ఇప్పుడు మా వీధిలో సగం మంది బ్యాటరీ మోవర్లకి మారారు. వాటికి కార్బురేటర్ లేదు, ప్లగ్ లేదు. పెద్దాయనా రెండు తెచ్చి ముందు వరసలో పెట్టాడు. కొడుకు కొట్టు తీసుకోనన్నాడట. "మీ నాన్న మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని అడిగాడు మొన్న, బిల్లు రాస్తూ.