పేరు చదివితే చాలనుకునే ఊరు

క్రికెట్ మ్యాచ్‌ల కంటే ఆటగాళ్ల వేలాన్ని ఎక్కువ శ్రద్ధగా చూసేవాళ్లు కొందరుంటారు. వారిలో నేనొకణ్ని. రాజనీతి శాస్త్రం చదివినవాడికి ఈ వ్యసనం అంటుకోవడంలో వింతేమీ లేదు. ఎన్నికల టికెట్ల పంపిణీకీ ఐపీఎల్ వేలానికీ పెద్ద తేడా కనబడదు. రెండు చోట్లా పనితీరు ఒక్కటే చాలదు, సరైన చెవిలో పేరు పడాలి. ముంబై, బెంగళూరు అభిమానులకు తమ కుర్రాడు ఎంత పలుకుతాడన్నది ప్రశ్న. భిలాయిలో మాకు అసలు పేరు చదువుతారా అన్నదే ప్రశ్న.

చదివినా ఒక్కోసారి ఒరిగేదేమీ ఉండదు. పక్కనే ఉన్న దుర్గ్‌లో పుట్టిన హర్‌ప్రీత్ సింగ్ భాటియా సంగతే చూడండి. 2017లో సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ అంతర్ జోనల్ మ్యాచ్‌ల్లో 4 ఆడి 211 పరుగులు చేశాడు. ఫిబ్రవరి 20న వేలం. సరిగ్గా ఆ రోజే ముంబైలో మరో క్రికెటర్ అంధేరీ స్టేషన్ ప్లాట్‌ఫాం మీదికి కారు ఎక్కించి పట్టుబడ్డాడు. ఓ వార్తా సంస్థ పొరపాటున హర్‌ప్రీత్ పేరు ప్రచారం చేసింది. వేలంలో అతణ్ని ఎవరూ కొనలేదు. సంస్థ తర్వాత క్షమాపణ చెప్పింది. ఆ వార్త వల్లే కొనలేదని ఎవరూ రుజువు చేయలేరు, కాదనీ చెప్పలేరు. గాయపడిన సర్ఫరాజ్ ఖాన్ బదులు బెంగళూరు జట్టు పిలిచినా మ్యాచ్ దక్కలేదు. 2012లో పుణె తరఫున ఆడిన హర్‌ప్రీత్ మళ్లీ ఐపీఎల్ మైదానంలో దిగింది 2023లో, పంజాబ్ తరఫున. మధ్యలో పదేళ్లు దాటిపోయాయి.

పేర్ల తికమక మమ్మల్ని అక్కడితో వదల్లేదు. 2023 డిసెంబర్ 19న దుబాయ్‌లో శశాంక్ సింగ్ పేరు వచ్చింది. అతను పుట్టింది భిలాయిలోనే. పంజాబ్ రూ.20 లక్షలకు పాడింది, సుత్తి పడింది. ఆ తర్వాత తాము కొన్నది వేరే శశాంక్‌నేమో అన్నట్టు ఆ బల్ల దగ్గర గుసగుసలు. వేలం నిర్వాహకురాలు వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. జాబితాలో ఆ పేరుతో ఇద్దరున్నారనీ, కావలసినవాడే దొరికాడనీ జట్టు తర్వాత వివరణ ఇచ్చింది. మా ఉక్కు కర్మాగారంలో ఈ చిక్కు ఎప్పుడో తీరింది. శ్రీకాకుళం, విజయనగరాల నుంచి వచ్చినవాళ్లలో అప్పారావులకు కొదవా? ప్రతి అప్పారావుకూ పర్సనల్ నంబర్ ఉంటుంది.

శశాంక్ మాటల్లో కాకుండా బ్యాటుతో జవాబిచ్చాడు. 2024 ఏప్రిల్ 4న గుజరాత్ మీద 29 బంతుల్లో 61 నాటౌట్. అదే నెల 26న కోల్‌కతా మీద 262 పరుగుల లక్ష్యాన్ని ఛేదిస్తూ 28 బంతుల్లో 68 నాటౌట్. ఆ ఏడాది అక్టోబర్ చివర పంజాబ్ అట్టిపెట్టుకున్నది ఇద్దర్నే. వారిలో ఇతనొకడు, ధర రూ.5.5 కోట్లు. హైదరాబాద్ అభిమానులకు మాత్రం కాస్త చురుక్కుమనాలి. 2022లో 10 మ్యాచ్‌లు ఆడించి వదిలేసింది సన్‌రైజర్సే. 2023 సీజన్‌కు ఏ జట్టూ తీసుకోలేదు.

జట్ల ప్రతిభాన్వేషకులతో నా తగాదా వయసు దగ్గర. 19 ఏళ్ల కుర్రాడి మీద కోట్లు పెట్టడానికి వెనకాడరు. శశాంక్‌కు దుబాయ్ వేలం నాటికి 32 నిండాయి. ఛత్తీస్‌గఢ్ సొంతంగా రంజీ ఆడటం మొదలైందే 2016-17లో. అంతకుముందు ఇక్కడివాళ్లు మధ్యప్రదేశ్ జట్టులో చోటు కోసం ఇండోర్, భోపాల్ కుర్రాళ్లతో పోటీపడాలి. ఆలస్యం ఆటగాడిది కాదు, పటానిది. ఆ ఆలస్యానికి కూడా అతని మార్కుల్లోనే కోత వేస్తారు.

అయినా పాతకాలంలో ఓ ధీమా ఉండేది. ఆఫ్‌స్పిన్నర్ రాజేశ్ చౌహాన్ భిలాయి ఉక్కు ఉద్యోగి. 1993-98 మధ్య అతను 21 టెస్టులు ఆడితే భారత్ ఒక్కటీ ఓడలేదు. అంతటివాడు కాకపోయినా, కాస్త బాగా ఆడేవాడికి ప్లాంటులో నౌకరీ, సెక్టార్‌లో క్వార్టర్ వస్తాయన్న ఆశ మా నాన్న తరానికి ఉండేది. పర్మినెంట్ ఉద్యోగాలు ఏటేటా తగ్గుతూ వచ్చాక ఆ ఆశంతా డిసెంబర్ వేలం మీదికి మళ్లింది. ఉద్యోగమైతే 60 ఏళ్ల దాకా. ఇక్కడ కనీస ధరకు అమ్ముడైనా ఆడిస్తారన్న హామీ లేదు. మా రాష్ట్ర స్పిన్నర్ అజయ్ మండల్ 2023, 2024 సీజన్లు రెండూ చెన్నై జట్టుతోనే గడిపినా తుది జట్టులో ఒక్కసారీ చోటు దొరకలేదు.

2025 జూన్ 3 ఫైనల్లో శశాంక్ 30 బంతుల్లో 61 నాటౌట్, పంజాబ్ ఓటమి 6 పరుగులతో. మర్నాడు సివిక్ సెంటర్ టీకొట్టు దగ్గర చర్చ ఆ 6 పరుగుల మీద కాదు, తర్వాతి సీజన్‌కు ఉంచుకుంటారా లేదా అన్నదాని మీదే. నేనూ ఓ మాట కలిపాను. కొత్త జాబితా వచ్చిన ప్రతిసారీ ముందు రాష్ట్రం గడి చూస్తాను, తర్వాత పుట్టిన తేదీ. 30 దాటిన ఛత్తీస్‌గఢ్ పేరు కనిపిస్తే పెన్సిల్‌తో కింద గీత గీసుకుంటాను.