తేలే ప్రకటన, జారే వేలు

నిన్న రాత్రి ఫోన్‌లో గోంగూర పచ్చడి కొలతలు చూస్తున్నా. ఉప్పు ఎంతో చదివేలోపే కింద నుంచి ఓ బ్యానర్ తేలుకుంటూ వచ్చి సరిగ్గా ఆ లైను మీదే కూర్చుంది. మూసే గుర్తేమో ఆవగింజంత. నొక్కబోతే వేలు జారి ఏదో లోన్ యాప్ తెరుచుకుంది!

అసలు ఇలా పెట్టొచ్చా అని ఆరా తీశా. తేలడమే తప్పు కాదట. సైట్లకు ప్రకటనలిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తనే స్క్రీన్ అంచుకి అంటుకునే యాంకర్ యాడ్స్ ఇస్తుంది, వద్దనుకుంటే మూసేయొచ్చు. కానీ చదివేదాన్ని కప్పేసి పొరపాటు క్లిక్కులు రాబట్టడం మాత్రం దాని నిబంధనలకు విరుద్ధం. ప్రకటనలకు ప్రమాణాలు పెట్టే కొయలిషన్ ఫర్ బెటర్ యాడ్స్ లెక్క ప్రకారం స్క్రీన్‌లో 30 శాతం మించి అతుక్కుపోయే ప్రకటన పనికిరాదు. ఆ ప్రమాణాలను పదేపదే ఉల్లంఘించే సైట్లలో 2018 ఫిబ్రవరి నుంచి క్రోమ్ బ్రౌజర్ యాడ్స్‌నే ఆపేస్తోంది.

సైట్లు నడిపే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇలా వచ్చే చెల్లని క్లిక్కుల డబ్బును గూగుల్ మీ ఖాతాలోంచి కోసేస్తుంది. అకౌంటే పోయే ప్రమాదమూ ఉంది. ఆ చిల్లర కోసం చదివేవాళ్ల ఉసురు ఎందుకు చెప్పండి?

అన్నట్టు, పచ్చట్లో ఉప్పు ఎక్కువైంది. అందాజాగా వేశా మరి!