రాతినోటి ముందు నా అబద్ధం

'రోమన్ హాలిడే' చూశారా? 1953లో వచ్చిన విలియం వైలర్ చిత్రం. అందులో గ్రెగరీ పెక్ ఓ రాతిముఖం నోట్లో చెయ్యి పెట్టి, బయటికి తీసేసరికి అరచెయ్యి మాయం! కోటు చేతిలోకి లాక్కున్నాడన్నమాట. ఆ కొంటెపని ముందుగా తెలియని ఆడ్రీ హెప్‌బర్న్ నిజంగానే కెవ్వుమంది. ఆ సినిమాకే ఆమెకి ఆస్కార్ వచ్చింది.

మా నాన్న కుర్రతనంలో చూసిన సినిమా అది. అందుకే మొన్న డిసెంబర్‌లో నిజాంపేట నుంచి అమ్మానాన్నల్ని రోమ్ తీసికెళ్ళాను. కానీ టిక్కెట్లు కొన్నాక నా ఉద్యోగం ఊడింది. చెబితే ప్రయాణం మానేస్తారని నోరు మెదపలేదు.

కొలోసియం, ట్రెవి ఫౌంటెన్ అయ్యాయి. ఆ రాతిముఖం సాంతా మరియా ఇన్ కాస్మెదిన్ చర్చి వసారాలో ఉంది. అబద్ధాలకోరు చెయ్యి పెడితే కొరికేస్తుందట! చలికి వణుకుతూ క్యూలో నిలబడ్డాం.

"ముందు నువ్వు పెట్టరా!" అన్నారు నాన్న.

పెట్టబోయి ఆగిపోయాను. ఉన్నదంతా కక్కేశాను.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన చెయ్యి ఆ నోట్లో పెట్టి, "నాకేం దిగుల్లేదురా!" అన్నారు. బయటికి తీస్తే స్వెట్టర్ చేతికి అరచెయ్యి లేదు! అమ్మ కెవ్వుమంది.

మీరూ రోమ్ వెళతారా? వెళ్ళండి. నిజం మాత్రం ఇంట్లోనే చెప్పేసి వెళ్ళండి!