రెండు గ్యాలరీల ఊరు

హౌరా బ్రిడ్జి దాటి టాక్సీ కోల్‌కతా మైదాన్ వైపు మళ్లగానే ఖరగ్‌పూర్ మిత్రుడు పాఠం మొదలుపెట్టాడు. మూడు తరాల కిందట రైల్వే కొలువు కోసం శ్రీకాకుళం వదిలి వచ్చిన కుటుంబం వాళ్లది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, ఫుట్‌బాల్ దగ్గరికొస్తే మోహన్ బగాన్.

"అన్నా, ఇక్కడ గెలిచిన రాత్రి వండుకునే కూరను బట్టి మనిషి ఏ జట్టో చెప్పొచ్చు. రొయ్యలైతే మావాడు, ఇలిష్ అయితే ఈస్ట్ బెంగాల్ వాడు."

ఇలిష్ అంటే గోదావరికి ఎదురీది పులస అయ్యే చేపే. మాది రాజమండ్రి అని తెలుసు కాబట్టి నన్ను అప్పుడే అవతలి పక్షంలో కలిపేశాడు.

మైదాన్‌లో రెండు క్లబ్బులూ దగ్గర దగ్గరే. మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911లో దాదాపు అందరూ ఉత్తకాళ్లతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. ఈస్ట్ బెంగాల్ 1920 నాటిది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన వాళ్లకు ఆ ఎరుపు-పసుపు చొక్కాయే సొంత ఊరు. ఇది తెలిస్తే గానీ ఇక్కడి పోటీలో ఉన్న కసి అర్థం కాదు.

ఆ కసి ఒకసారి ప్రాణాలు తీసింది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో కలకత్తా లీగ్ మ్యాచ్ జరుగుతోంది. ఈస్ట్ బెంగాల్ ఆటగాడు దిలీప్ పాలిత్, మోహన్ బగాన్ ఆటగాడు విదేశ్ బోస్ కలబడ్డారు. రిఫరీ ఇద్దరినీ బయటికి పంపాడు. గ్యాలరీలో రెండు పక్షాల వాళ్లూ కలిసే కూర్చున్నారు, విడదీసిన కంచె లేదు. కొట్లాట, రాళ్లు, ఆపైన తొక్కిసలాట. పదహారు మంది ఇళ్లకు తిరిగి వెళ్లలేదు. వాళ్ల కోసం మన్నాడే పాట పాడారు. ఏటా ఆ తేదీని ఇక్కడ ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా జరుపుతారు, రక్తదానం చేస్తారు.

నేను వెళ్లింది 2025లో, సరిగ్గా ఆ రోజుకే. ఒక పేట క్లబ్బులో షామియానా కింద మడతమంచాలు వేశారు. రిజిస్టరులో పేరు, వయసు, రక్తం గ్రూపు రాయించుకుంటున్నారు. ఒక మంచం మీద ఎరుపు-పసుపు చొక్కా, పక్క మంచం మీద ఆకుపచ్చ-మెరూన్. సూది గుచ్చిన చోట దూది అదుముకుని మోచెయ్యి మడిచి కూర్చున్న వాళ్లకు ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు, సందేశ్ ఉన్న పొట్లం ఇస్తున్నారు. పొట్లాలు పంచుతున్న పెద్దాయన ఆనాడు ఈడెన్‌లోనే ఉన్నాడట. ఇంటికి చేరేసరికి ఒక కాలికే చెప్పు మిగిలిందన్నాడు.

"మర్నాడు పేపర్లో పేర్లు చదువుతూ మావాళ్లెందరు, వాళ్లెందరు అని లెక్కపెట్టబోయాను. పేర్లను బట్టి తెలియలేదు."

ఆ లెక్క వేయబోయానని ఇన్నేళ్ల తర్వాత కూడా దాచుకోకుండా చెప్పిన మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

సాయంత్రం మిత్రుడు నన్ను సాల్ట్ లేక్ స్టేడియం బయటికి, బైపాస్ రోడ్డు మీదికి తీసుకెళ్లి, అంతకు ముందటి ఏడాది అక్కడ జరిగింది చెప్పాడు. 2024 ఆగస్టు 9న ఆర్జీ కర్ వైద్య కళాశాల ఆసుపత్రిలో 31 ఏళ్ల జూనియర్ డాక్టర్ అత్యాచారానికి, హత్యకు గురైంది. ఊరంతా రోడ్డెక్కింది. 18న ఇక్కడ డ్యూరాండ్ కప్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్ జరగాలి. బందోబస్తుకు చాలినంత పోలీసులు లేరని ముందురోజు రద్దు చేశారు. మ్యాచ్ లేకపోయినా జనం వచ్చారు. ఆపడానికి పోలీసులూ పెద్దసంఖ్యలోనే వచ్చారు. అప్పుడు లేని పోలీసులు ఇప్పుడెక్కడి నుంచి వచ్చారన్న ప్రశ్న అక్కడ అందరి నోటా వినిపించిందట.

"రెండు గ్యాలరీలదీ ఒకటే గొంతు, ఆర్జీ కర్‌కు న్యాయం కావాలి" అన్నది నినాదం. మహమ్మదన్ స్పోర్టింగ్ అభిమానులూ కలిశారు. మోహన్ బగాన్ కెప్టెన్ శుభాశిష్ బోస్ వచ్చి జనంలో నిలబడ్డాడు. వాన కురిసింది, లాఠీలు లేచాయి. మా మిత్రుడు పరుగెత్తి ఒక దుకాణం చూరు కింద దూరితే, అప్పటికే అక్కడ ఈస్ట్ బెంగాల్ చొక్కా కుర్రాడొకడు వణుకుతూ ఉన్నాడు. ఇంజనీరింగ్ విద్యార్థి. ఫోన్ నంబర్లు అక్కడే ఇచ్చిపుచ్చుకున్నారు.

వైరం మరిచి కలిశారని పత్రికలు రాశాయి. ఆ రోడ్డు మీద నిలబడి విన్నాక నాకలా అనిపించలేదు. వేలమందిని ఒకచోటికి చేర్చడం, ఒకే లయలో అరిపించడం, తోపులాటలో జెండా వదలకపోవడం ఈ పోటీయే వాళ్లకు నేర్పింది. ఆ అలవాటంతా తీసుకొచ్చి ఒక ఆడపిల్ల కోసం ఖర్చు పెట్టారు. జట్టు రంగులు ఇంట్లో పెట్టి వచ్చి ఉంటే ఆ గొంతుకు అంత బలం ఉండేది కాదు.

రక్తదానం చూసిన మరుసటి రోజే ఈ ఏటి డ్యూరాండ్ కప్ క్వార్టర్ ఫైనల్, మళ్లీ ఇవే జట్లు, ఇదే స్టేడియం. మిత్రుడి పక్కన ఆకుపచ్చ-మెరూన్ గ్యాలరీలో కూర్చున్నాను. ఈస్ట్ బెంగాల్ తరఫున దియమాంతకోస్ రెండు గోల్స్ కొట్టాడు, మొదటిది పెనాల్టీ. అనిరుధ్ థాపా ఒకటి తీర్చినా సరిపోలేదు. 2-1.

బయట గేటు దగ్గర ఆ ఇంజనీరింగ్ కుర్రాడు కాచుకుని ఉన్నాడు. "దాదా, రాత్రికి మా ఇంటికి రండి, అమ్మ ఇలిష్ వండుతోంది" అని నాకు చెప్పి, మా వాడివైపు తిరిగి పళ్లన్నీ చూపించాడు. అది అసలు పెనాల్టీయే కాదని మా వాడు అందుకున్నాడు. మెట్రో స్టేషన్ మెట్లెక్కుతూ ఇద్దరూ ఫోన్లలో అదే దృశ్యాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ తగువు పడుతున్నారు. నన్ను తీర్పు చెప్పమన్నారు. పెనాల్టీయే అన్నాను. పులస ఊరివాడివి, నువ్వు ఇంకేం చెబుతావు అని మా వాడు కసిరి, అయినా భోజనానికి మాతోనే బయల్దేరాడు.