ఇంటి బడి - చట్టం మౌనం

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించడం ఈ దేశంలో నేరమా, హక్కా? విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చిన 2010 నుంచి ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. నేరమని చెప్పి శిక్షించిన ప్రభుత్వం లేదు. హక్కు అని చట్టంలో రాసిన ప్రభుత్వమూ లేదు. ఆ సందిగ్ధంలోనే బెంగళూరు, పుణె, హైదరాబాద్ వంటి నగరాల్లో కొన్ని కుటుంబాలు ఇంటినే బడిగా మార్చుకున్నాయి. అక్కడ గంట మోగదు, ర్యాంకుల పట్టిక ఉండదు. ఉదయం ఒక కథ, ఆ కథకు పిల్లలు వేసే బొమ్మ, ఆ బొమ్మలోని ఆకారాల నుంచి లెక్క, సాయంత్రం పాటో మట్టిపనో. పుస్తకంలోని అక్షరం కంటే ముందు కన్ను, చెవి, చేయి నేర్వాలన్నది ఆ తల్లిదండ్రుల విశ్వాసం.

ఈ విశ్వాసాన్ని సంపన్నుల సరదాగా కొట్టిపారేసేవారు చరిత్రను మరచిపోతున్నారు. బడి నాలుగు గోడలంటే గిట్టని రవీంద్రనాథ్ ఠాగూర్ బాల్యంలో చాలా భాగం ఇంట్లోనే చదువుకున్నారు. ఆయన 1901లో శాంతినికేతన్‌లో గుప్పెడు మంది పిల్లలతో చెట్ల కింద బడి ప్రారంభించారు. 1919లో అక్కడే కళాభవన్ వెలసింది. అదే ఏడాది జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో ఒక సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం రుడాల్ఫ్ స్టైనర్ మొదటి వాల్డార్ఫ్ బడి తెరిచారు. 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీమ్‌ను దేశం ముందుంచారు. జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్య ప్రణాళికను సమకూర్చింది. రాట్నం, మగ్గం, నేల ద్వారా పల్లె పిల్లలకు చదువు చెప్పాలన్నది ఆ పథకం. కార్మికుల బిడ్డల కోసం, రైతుల బిడ్డల కోసం పుట్టిన ఆలోచన నేడు ఎక్కువగా ఎవరికి అందుతున్నది? తల్లిదండ్రుల్లో ఒకరు ఉద్యోగం మానినా ఇల్లు గడిచే కుటుంబాలకు. ఈ తలకిందుల స్థితికి చట్టం మౌనం కూడా ఒక కారణం.

ఆ మౌనం తీరు పరిశీలించదగినది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ప్రాథమిక విధులలో ఒక కొత్త విధిని చేర్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు తల్లిదండ్రులు విద్యావకాశాలు కల్పించాలని అది చెబుతుంది. అందులో బడి అనే మాట లేదు. విద్యాహక్కు చట్టం పదవ సెక్షన్ మాత్రం పిల్లలను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అన్నది. చేర్పించని వారికి శిక్ష ఏదీ పెట్టలేదు. 2012 సవరణ మదరసాలను, వేద పాఠశాలలను చట్టం పరిధి నుంచి తప్పించింది. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్దే చదువుకోవడాన్ని ఎంచుకునే హక్కు ఇచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం కళలతో మేళవించిన బోధన గురించి విస్తారంగా మాట్లాడినా, ఇంటి చదువును మళ్లీ తీవ్ర వైకల్యం వరకే పరిమితం చేసింది. మతబోధనకు మినహాయింపు దొరికింది. కళల ద్వారా బిడ్డకు చదువు చెప్పుకునే కుటుంబానికి అనుమతీ లేదు, నిషేధమూ లేదు. ఆ బిడ్డకు పద్నాలుగేళ్లు నిండాక ప్రభుత్వానిదే అయిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ పదో తరగతి పరీక్ష రాయించి సర్టిఫికెట్ ఇస్తుంది. లోపలికి దారి చూపని వ్యవస్థ బయటికి తలుపు మాత్రం తెరిచి ఉంచింది.

అయితే ఇంటి బడికి తలుపులు బార్లా తెరవమని అడిగేవారు మరో వైపు కూడా చూడాలి. ఈ దేశంలో ఇల్లు అందరికీ ఒకే రకమైన చోటు కాదు. 1848లో సావిత్రీబాయి ఫూలే పుణెలో ఆడపిల్లల బడి నడిపినప్పుడు, ఆ పిల్లలకు గడప దాటడమే విముక్తి. బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాలకార్మికురాలిగా, బాలకార్మికుడిగానే లెక్కించాలన్న సూత్రంతో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేసింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం బడి వేళల తరువాత, సెలవుల్లో కుటుంబ వృత్తిలో పిల్లలు సాయపడటాన్ని అనుమతించింది. అంటే పనికీ బాల్యానికీ మధ్య మిగిలిన గీత బడి వేళలే. ఏ పర్యవేక్షణా లేకుండా ఇంటి చదువును గుర్తిస్తే, తమ్ముణ్ని ఎత్తుకుని బీడీలు చుట్టే పిల్ల కూడా కాగితం మీద ఇంట్లో చదువుకుంటున్నట్టే ఉంటుంది.

ఈ రెండు భయాల మధ్య దారి లేకపోలేదు. జర్మనీ ఇంటి చదువును దాదాపు పూర్తిగా నిషేధించింది. ఇంగ్లండ్ 1996 చట్టం బడి ద్వారా గానీ మరో విధంగా గానీ పిల్లలకు తగిన విద్య అందేలా చూడటం తల్లిదండ్రుల బాధ్యత అని చెప్పింది. భారతదేశం తన అనుభవానికి తగిన నిబంధన రాసుకోవచ్చు. ఇంటి బడి పెట్టే కుటుంబం పేరు నమోదు చేసుకోవాలి. ఏడాదికోసారి విద్యాధికారి పిల్లలతో స్వయంగా మాట్లాడాలి, వారు గీసిన బొమ్మలు, రాసిన నోటుపుస్తకాలు, చేసిన వస్తువులు చూడాలి. కోరుకున్న రోజున బడిలో చేరే హక్కు ఆ పిల్లలకు ఉండాలి. పెద్దల ఇష్టానికీ పిల్లల హక్కుకూ తేడా తెలిసేది అక్కడే.

దానికి మించిన కర్తవ్యం ఒకటి ఉంది. మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ, చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం కార్డులతో, ఆటపాటలతో సాగే బోధనా పద్ధతిని రూపొందించింది. ఆ స్ఫూర్తితో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కృత్యాధార బోధన తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ విస్తరించింది. ప్రత్యామ్నాయ విద్య సర్కారు బడి గడప తొక్కగలదనడానికి అది నిదర్శనం. సంగీతం, చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయుడు ప్రతి ప్రభుత్వ బడిలో ఉండాలని అడగడం, ఇంటి బడికి చట్టబద్ధత అడగడం వేర్వేరు కోరికలు కావు. మొదటిది నెరవేరకుండా రెండోది మాత్రమే దక్కితే, కళలతో కూడిన చదువు సెలవు పెట్టగల తల్లిదండ్రులున్న ఇళ్లలోనే మిగిలిపోతుంది.